మీ ఇంటి బిడ్డ

ఫ్లెక్సీలో నా చంకన ఒక పసిపిల్ల ఉంది. బస్ స్టేజీ దగ్గర, కరెంటు స్తంభానికీ కిరాణా కొట్టు రేకులకూ మధ్య కట్టారు దాన్ని. చేసిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి ఖాళీ గంపతో తిరిగొస్తూ దాని ముందు ఆగాను. నాకు లేని గులాబీ రంగు పట్టుచీర కట్టుకుని, నా రంగు కన్నా రెండాకులు ఎక్కువ తెలుపుతో, బుగ్గలు నిండి, నేనే నన్ను చూసి నవ్వుతున్నాను. వేళ్ల మీద కత్తెర గాట్లు లేవు. పైన మా ఎన్నికల గుర్తు ఉంగరం. పిల్ల చేయి చాచి దాన్ని అందుకోబోతోంది. కింద నా పేరు, దానికన్నా లావు అక్షరాల్లో మా ఆయన పేరు. అన్నిటికన్నా లావుగా, ‘మీ ఊరి కోడలు – మీ ఇంటి బిడ్డ.’

నాకు పిల్లలు లేరు. కథలాపూర్ దగ్గరి మా ఊళ్లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. అది చూసినప్పుడు ఏమనిపించిందని తర్వాత చాలామంది అడిగారు. ఏమీ అనిపించలేదు. చలికాలపు ఎండ వీపుకు హాయిగా ఉందనిపించింది. కొట్టాయన నన్నూ ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూసి, ఉప్పు ప్యాకెట్ల వైపు తిరిగాడు. నేను ఇంటికొచ్చి కూరకు ఉల్లిగడ్డలు కోశాను.

సర్పంచ్ సీటు ఆడవాళ్లకని, అదీ బీసీలకని తేలిన రోజు మా ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగలేదు. మా ఆయన కోరుట్లలో ఒక స్కూలు బస్సు నడుపుతాడు. ఊళ్లో ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందుంటాడు. సర్పంచ్ కావాలని ఎప్పటినుంచో ఆయనకు ఉండేది. సీటు ఆయనకు రాలేదు కాబట్టి నాకు వచ్చింది.

“ఎల్లుండి నామినేషన్ ఏస్తున్నం. నీ ఆధార్ కార్డు తీసి పెట్టు,” అన్నాడు.

“ఎల్లుండి బీడీలు చెయ్యాల్నా, వద్దా?” అన్నాను. నేనడిగింది అదొక్కటే.

నామినేషన్ కాగితాల్లో భర్త పేరు అన్న గడి ఉంది. పిల్లలు అన్న గడి కూడా ఉంది. అక్కడ మా ఆయన ‘లేరు’ అని రాయించాడు. అధికారి వేలు పెట్టి చూపిన చోటల్లా సంతకం చేశాను.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, కోరుట్లలోనే ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్ పని చేస్తుంది. మునుపు ఆమె నాయకుల తలలు కత్తిరించి, ఒకరి పక్కన ఒకరిని అతికించడానికి పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చునేది. ఇప్పుడు ఏఐకి నోటితో చెబితే అదే బొమ్మ గీసి ఇస్తుంది. నా ఆధార్ ఫొటోలో నేను దొంగతనం చేసి దొరికినదానిలా ఉంటాను. దాన్నే తీసుకుని ఆమె నాచేత ఎన్నడూ చేయని పనులన్నీ చేయించింది. ఒకదాంట్లో ముసలమ్మకు అన్నం తినిపిస్తున్నాను. ఒకదాంట్లో మోకాళ్లలోతు వరిచేలో, పట్టుచీరతోనే, నిలబడ్డాను. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నట్టు గీయించమని నేనంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. “గది అందరు చేసేదే గద వదినా, గొప్పేమున్నది?” అంది.

పిల్ల ఎలా వచ్చిందో కూడా ఆమే చెప్పింది. ఫ్లెక్సీ కట్టిన సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడింది.

“నేను పిల్లను పెట్టుమనలేదు వదినా, ఒట్టు. ‘మా వదినె మీ ఇంటి బిడ్డ లెక్క కనవడాలె, చూస్తె మనిషి దగ్గర అనిపియ్యాలె’ అన్న. గా ముచ్చటకు గది పసిపిల్లను పట్టుకచ్చింది.”

మా వైపు బిడ్డంటే కూతురు. పెళ్లై, మనవలనెత్తినదాన్ని కూడా తండ్రి బిడ్డా అనే పిలుస్తాడు. ఆ ఏఐ నేర్చుకున్నది పుస్తకాల తెలుగు. దానికి బిడ్డంటే పురిటిగుడ్డు. ఎవరి తప్పూ లేదు. నాలుగు బొమ్మలు వాళ్ల అన్నకు పంపానని, ఇదే పెట్టమని ఆయనే అన్నాడని కూడా చెప్పింది. ఆయన అక్కడే మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

“మంచిగున్నది గద,” అన్నాడు, ఎవరినీ చూడకుండా.

ఓట్ల కోసమనుకున్నాను. ఓట్ల కోసం మనుషులు ఇంతకన్నా పెద్ద అబద్ధాలే ఆడతారు. చాయ్ పెట్టి ఇద్దరికీ ఇచ్చాను.

మనసులో బాధపడి పోయినట్టుంది, మర్నాడు ఆడబిడ్డ మళ్లీ వచ్చి నా ఫోన్‌లో ఆ ఏఐని పెట్టింది. “ఇంటింటికి పోయినప్పుడు ఏమన్న అడుగుతరు. నువ్వు నోరు తెరువక నిలవడితె బాగుండది. దీన్నడిగి నేర్చుకో. నోటితోని చెప్తె సాలు, రాసుడు లేదు.” అడిగి చూశాను. మీరు అని మొదలుపెట్టి మీరు అనే ముగించింది. మా ఇంట్లో నన్ను మీరు అన్నది అదొక్కటే.

మధ్యాహ్నాలు మా వాకిట్లో ఐదారుగురం కలిసి బీడీలు చేస్తాం. ఫోన్‌ను తంబాకు డబ్బా మీద నిలబెట్టాను. ఒకామె, “ఓటు ఎవలకెయ్యాల్నో అడుగుండి దాన్ని,” అంది. అభ్యర్థి ఎదురుగా కూర్చుని ఉందన్న సంగతి ఆమెకు గుర్తులేదు. నాకూ లేదు. అడిగాను.

“ఎవరికి ఓటు వేయాలో నేను చెప్పను. అది మీ నిర్ణయం. అభ్యర్థుల హామీలు, గతంలో వారు చేసిన పనులు పరిశీలించి మీరే తేల్చుకోండి,” అంది ఫోన్.

“గోడ మీది పిల్లి,” అని ఒకామె తేల్చేసింది.

“గిది చెప్పకుంటె ఏమాయె. మా ఇంటాయన చెప్తడు, ఏస్త,” అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పన్నెండేళ్లుగా నేను నవ్వేది అలాగే, పక్కవాళ్లు నవ్వితే.

వాళ్లు లేచిపోయాక చాట సర్దుతూ, సర్పంచ్ చేసే పనేందని అడిగాను. మురికినీళ్ల మోరీలు, వీధి దీపాలు, మంచినీళ్లు, గ్రామసభలు అంటూ చదువుకుంటూ పోయింది. మోరీల ముచ్చట వింటే నాకు మామూలుగానే నిద్ర వస్తుంది. మధ్యలో ఒకచోట, పంచాయతీలో జరిగే ఇంకో పని జనన, మరణాల నమోదు అని చెప్పింది. చేతిలో ఉన్న తునికాకు కట్టను కింద పెట్టి, ఆ ఒక్కటీ మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది.

పన్నెండేళ్ల కిందట తొలికాన్పుకు సిరిసిల్లలోని తల్లిగారింటికి పోయాను. మా దగ్గర మొదటి కాన్పు అక్కడే కావాలి. మా నాన్న సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను సిరిసిల్లలో అలాగే అంటాం. ఆ షెడ్డు గోడా మా ఇంటి గోడా ఒకటే. నొప్పులు చెప్పిన రోజుకన్నా ముందే వచ్చాయి. పక్కింటి పెద్దావిడ ఉండబట్టి ఇంట్లోనే కాన్పు అయింది. ఆడపిల్ల. సాంచాల చప్పుడుకు ఉలిక్కిపడేది కాదు, అది ఆగితే లేచేది. తొమ్మిది రోజులుంది. పదోనాడు పొద్దున పాలు పట్టలేదు. నాన్న ఆటో తీసుకొచ్చేలోపే అయిపోయింది.

ఇరవై ఒకటోనాడు తొట్టెలలో వేసి పేరు పెట్టాలనుకున్నారు, కాబట్టి పేరు లేదు. పురిటిపిల్లను ఫొటో తీస్తే దిష్టి అన్నారు, కాబట్టి ఫొటో లేదు. ఆస్పత్రికి పోలేదు, కాబట్టి కాగితం లేదు. అయిపోయినదానికి ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరుగుడెందుకని పెద్దవాళ్లు అన్నారు, నిజమే అనుకున్నాను. తర్వాత పిల్లల కోసం జగిత్యాలలో డాక్టర్ల దగ్గరికి ఏళ్ల తరబడి తిరిగాం. పోయిన ప్రతిచోటా ఎంతమంది పిల్లలని అడిగేవారు. మా ఆయన లేరనేవాడు. చీటీ మీద సున్నా వేసేవారు. నేను ఎదురుగోడ మీది క్యాలెండర్ చూసేదాన్ని.

అప్పటినుంచి బిడ్డ అన్న మాట నా నోట రాలేదు. రావద్దని ఒట్టు పెట్టుకున్నదేమీ లేదు, రాలేదంతే. ఎవరి కూతురి ముచ్చటైనా ‘మీ అమ్మాయి’ అంటాను. టౌన్ మాట మాట్లాడుతున్నావని బీడీల దగ్గర ఆడవాళ్లు ఆటపట్టిస్తారు.

ఆ మధ్యాహ్నం, తునికాకు కట్ట ముందు కూర్చుని, నాకు గెలవాలనిపించింది. ఊరి కోసం కాదు, మా ఆయన కోసం అసలే కాదు. సర్పంచ్‌నైతే ఆ నమోదు పుస్తకం నా బల్ల మీదికి వస్తుంది. ఒక వరుసలో ఆమె పుట్టిందని, ఇంకో వరుసలో పోయిందని రాయిస్తాను. ఎప్పుడో ఎవరో ఆ పుస్తకం తిప్పితే ఆమె ఉంటుంది. ఇంత చిన్న సంగతికి ఎన్నికల్లో నిలబడినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

మర్నాటినుంచి నేనే ముందు నడిచాను. చేతులు జోడించాను. మోరీల గురించి ఫోన్ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. “ఏమైంది నీకు?” అన్నాడు మా ఆయన, సంతోషంగా. ఆయన ముఖం చూసి కొంచెం సిగ్గేసింది.

అలా తిరుగుతున్నప్పుడే, ఒక పొద్దున, స్టేజీ దగ్గరి ఫ్లెక్సీలో పిల్ల బుగ్గ మీద నల్లచుక్క కనబడింది. ఎదుటి పార్టీవాళ్లు పాడుచేశారని మా ఆయన మనుషులు లేచారు. దగ్గరికి పోయి చూశాను. కాటుక. ఎడమ బుగ్గ మీద, చెవికి దగ్గరగా, దిష్టిచుక్క ఎక్కడ పెట్టాలో తెలిసిన చేయి పెట్టింది. బడి దగ్గరి ఫ్లెక్సీలోనూ ఉంది, పంచాయతీ ఆఫీసు దగ్గరి దాంట్లోనూ ఉంది. ఇంటికొస్తే మా అత్తమ్మ బియ్యం ఏరుతోంది. చూపుడువేలి కొసన నలుపు ఇంకా పోలేదు. ఈ పన్నెండేళ్లలో ఆమె ఆ పిల్ల ఊసు ఒక్కసారి కూడా నా దగ్గర ఎత్తలేదు.

“గంత మంది చూస్తున్నరు గద,” అంది, బియ్యంలోంచి తల ఎత్తకుండా.

పోలింగ్ ఇంకా నాలుగు రోజులుందనగా ఫోన్‌ను సరిగ్గా అడిగాను. పన్నెండేళ్ల కింద పుట్టి తొమ్మిది రోజులకే పోయిన పిల్లను ఇప్పుడు రాయించొచ్చునా అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. కరెంటు బిల్లు గురించి అడిగినట్టే అడిగాను.

ముందు, “మీకు జరిగినదానికి చాలా బాధగా ఉంది,” అంది. అందరితోనూ అట్లనే అంటుంది, దానికి బాధేంది అని మా ఆడబిడ్డ తర్వాత చెప్పింది. అయి ఉండొచ్చు. అయితే ఆ మాట నాతో అంతవరకు ఎవరూ అనలేదు. తర్వాత సంగతి చెప్పింది. ఆలస్యమైనా రాయించవచ్చు. ఏడాది దాటింది కాబట్టి పై అధికారి ఉత్తర్వు కావాలి. పేరు లేకపోయినా రాస్తారు. కానీ పుట్టిన చోటే, ఆ ఊరి ఆఫీసులోనే రాస్తారు.

పుట్టిన చోటు సిరిసిల్ల. మా ఊరి పంచాయతీ పుస్తకంలో ఆమెకు చోటు లేదు. నేను గెలిచినా లేదు, ఓడినా లేదు. తొలికాన్పుకు తల్లిగారింటికి పోవడమన్న ఆచారం ఇన్నేళ్ల తర్వాత ఇలా అడ్డం పడుతుందని ఎవరనుకుంటారు? నా కొద్ది రోజుల ఆశ అక్కడ అయిపోయింది. ఏడుపు వస్తుందేమో అని కాసేపు కూర్చున్నాను. రాలేదు. కుక్కర్ కూత వేసింది, లేచి దించాను.

మిగిలిన రోజులూ తిరిగాను. చేతులు వాటంతట అవే జోడించుకునేవి. పోలింగ్ రోజున కాగితం మీద ఉంగరం గుర్తు మీదే ముద్ర వేశాను. ఇంకెక్కడ వేయాలో తోచక వేశాను. ఓడిపోయాను. పిల్లల్లేనిదానికి పిల్లెక్కడిదని అవతలివాళ్లు ఇంటింటికీ చెప్పారట. అందుకే ఓడామని మా ఆడబిడ్డ ఏడ్చింది. అందుకు కాకపోవచ్చు. గెలిచినామె నాకన్నా బాగా మాట్లాడుతుంది. మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకు మాత్రం ఆ రెండు రోజులూ బీడీలు తొందరగా అయ్యాయి.

ఎన్నికలయ్యాక ఫ్లెక్సీలు అందరికీ పనికొస్తాయి. వడ్లకుప్పల మీద, స్నానాల గదులకు, కోళ్ల గూళ్లకు కప్పుకుంటారు. గెలిచినామె నవ్వుతూ ఇప్పటికీ ఒకరి బర్రెల కొట్టం మీద ఉంది. స్టేజీ దగ్గరి మాదాన్ని కట్టెల మీద కప్పుదామని మా ఆయన విప్పి తెచ్చాడు. అత్తమ్మ ఇవ్వలేదు. తడిగుడ్డతో తుడిచి, మడత పిల్ల ముఖం మీద పడకుండా మడిచి, సజ్జ మీద పెట్టింది.

పొలాల్లో నాట్లు అయ్యాక ఒక రోజు, “సిరిసిల్ల పోవాలె,” అన్నాను మా ఆయనతో. ఎందుకో చెప్పాను. మర్నాడు స్కూలు బస్సుకు ఇంకో డ్రైవర్‌ను మాట్లాడి, చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చాడు.

ఆర్టీసీ బస్సు రుద్రంగి దాటేదాకా ఇద్దరం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు.

“గా ఫొటో ఓట్ల కోసం పెట్టలె నేను.”

నేను ఆయన వైపు తిరిగాను.

“ఏడోనాడు అచ్చి ఒక్క పూట ఉన్న గద. నువ్వు ఎత్తుకున్నది అప్పుడే చూసిన, ఒక్కసారి. ఎట్లుంటివో యాదికి వస్తలేకుండె. ఫోన్ల గది చూసినంక… గట్లనే ఉన్నట్టనిపిచ్చింది.”

ఈయన మీద ఇన్నాళ్లూ కోపం ఉందని నాకు ఆ బస్సులోనే తెలిసింది, అది పోతోంది కాబట్టి.

“నేను గట్ల చంకన ఎత్తుకోలె,” అన్నాను. “అప్పటికి మెడ నిలువకుండె. రెండు చేతులల్ల పడుకోవెట్టుకుంటి.”

“అవునా,” అన్నాడు. కాసేపటికి తన రెండు చేతులూ ఒళ్లో అలా పెట్టి చూసుకుని, మళ్లీ మోకాళ్ల మీదికి తీసుకున్నాడు. వేములవాడలో దిగి బస్సు మారాం.

సిరిసిల్ల మున్సిపల్ ఆఫీసులో ఆ పని చూసే మేడమ్ నాకన్నా చిన్నది. అద్దాలు నెత్తి మీదికి తోసుకుని మొత్తం విన్నది. ఫోన్ చెప్పింది నిజమే. అయితే దానికి ముందు ఇంకో మెట్టు ఉంది.

“ముందుగాల మా రికార్డులల్ల లేదని ఒక సర్టిఫికెట్ తీసుకోవాలె అక్కా. మేం పుస్తకాలన్ని చూసి, లేదని రాసిస్తం. గది పట్టుకొని ఆర్డీవో ఆఫీసుకు పోతె ఆర్డర్ ఇస్తరు. అప్పుడు మేం రాస్తం.”

“లేదని రాసిస్తరా?” అన్నాను.

“లేదనే రాస్తం. గది లేకుంటె ముందటికి పోదు.”

అంటే ఆమె గురించి ఈ లోకంలో పుట్టబోయే మొదటి కాగితం, ఆమె లేదని చెప్పే కాగితం. అయినా అందులో ఆమె ముచ్చటే ఉంటుంది కదా అనుకున్నాను. దరఖాస్తు తీసి మేడమే నింపడం మొదలుపెట్టింది. పుట్టిన తేదీ చెప్పాను. పోయిన తేదీ చెప్పాను. పుట్టిన చోటు అంటే మా నాన్న ఇంటి నంబరు చెప్పాను. కిటికీ అవతల ఎక్కడో సాంచాలు నడుస్తున్నాయి. మా ఆయన వెనక నిలబడి, రెండు చేతులతో సంచి పట్టుకున్నాడు.

“పేరు?”

“పెట్టలె.”

“సరే, గీత పెడుతున్న. ఏంబాధ లేదు,” అంది. తర్వాతి గడి మీద పెన్ను ఆపి, తల ఎత్తింది. “కొడుకా అక్కా?”

“కాదు,” అన్నాను. ఆడపిల్ల అనబోయాను. అమ్మాయి అనబోయాను. నోరు తిరగలేదు.

“బిడ్డ,” అన్నాను.

పన్నెండేళ్ల తర్వాత వచ్చిన మాట కాబట్టి అవసరమైనదానికన్నా గట్టిగా వచ్చింది. పక్క బల్ల దగ్గరాయన ఇటు చూశాడు. వెనక మా ఆయన సంచి కింద పెట్టిన చప్పుడైంది. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయని, దరఖాస్తు మూల తడిశాక గాని నాకు తెలియలేదు.

ఆమె మళ్లీ అడగలేదు. సిరిసిల్ల పిల్ల, ఆ మాట ఆమెకు విప్పి చెప్పాల్సిన పనిలేదు. గడిలో ‘స్త్రీ’ అని రాసి, తడి మూలను తన చున్నీ అంచుతో అద్ది, కాగితం నా వైపు తిప్పింది. కింద ఒకచోట వేలు పెట్టి చూపింది. అక్కడ ‘తల్లి సంతకం’ అని అచ్చు వేసి ఉంది. సంతకం చేశాను.